సున్నా శాతం తేమ

కొత్తగా చేయించుకున్న నా కళ్ళద్దాల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అరకులోయలోని కాఫీ గింజలన్నింటినీ ఒక్క పూటలో పనికిరానివిగా తేల్చేసిన మహానుభావుణ్ణి నేనే.

అప్పట్లో అక్కడి కొనుగోలు కేంద్రంలో కంప్యూటర్ మనిషిని. గింజల్లో తేమ ఎంతుందో కొడితే, బస్తా తీసుకోవాలో వద్దో డేటాబేసులోని ప్రొసీజర్ అనే చిన్న ప్రోగ్రాం చెప్పేది. తేమ పరిమితి మారినప్పుడల్లా నన్ను అన్నం ముందు నుంచి లేపేవారు. విసుగొచ్చి, ఆ అంకెను ప్రొసీజర్‌లోంచి పీకి విడిగా ఒక ఫైల్లో పెట్టాను. ఫైల్ దొరక్కపోతే? పరిమితి సున్నా అనుకుని నోరు మూసుకోమన్నాను. నా లాప్‌టాప్‌లో భేషుగ్గా నడిచింది. డేటాబేసును ఆఫీసు గదిలోని సర్వర్‌కి ఎక్కించి, హాయిగా ఆవలించాను.

మర్నాడే సీజన్ ఆఖరి లారీ. అనంతగిరి వైపు నుంచి బుద్రమ్మ రెండు బస్తాలు దింపింది. అవి లారీ ఎక్కకపోతే ఆమె ఏడాది కష్టం ఇంట్లో బూజు పట్టాల్సిందే. పరిమితి పదకొండు, మీటరు చూపింది పదిన్నర. కంప్యూటర్ మాత్రం "తేమ ఎక్కువ" అంది.

"ఏటి బాబూ, వారం రోజులు ఎండబెట్టినాను!"

"ఇంకాస్త ఎండబెట్టమ్మా."

మధ్యాహ్నం దాకా టార్పాలిన్ మీద ఎండబెట్టింది. "తేమ ఎక్కువ." నేను లాప్‌టాప్ తెరిచి ఫైల్లో పదకొండును పదిహేను చేశాను. యాభై చేశాను. వంద కూడా చేశాను. వంద శాతం తేమ అంటే, అయ్యా, బిందెడు నీళ్ళు తెచ్చినా కాఫీ అని కొనాలి! "తేమ ఎక్కువ."

బుద్రమ్మ విసవిసా టీ కొట్టుకెళ్ళి, గుప్పెడు గింజలు పెనం మీద నల్లగా మాడ్చి తెచ్చింది.

"ఇప్పుడు సూడు."

"తేమ ఎక్కువ."

"బొగ్గుకి తడేటి బాబూ? నీ మిషన్నే ఎండలో ఎట్టు. బేగి సెయ్యి, లారీ ఎల్లిపోద్ది!"

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడు నా మెదడులో మెరుపు మెరిసింది. అంకెను పదకొండుకు దించి, ఫైల్‌ను సర్వర్‌లోకి కాపీ చేశాను. కదులుతున్న లారీని ఆపి, రెండు బస్తాలూ నా వీపు మీదే మోసి ఎక్కించాను. ఆ నడుం ఇంకా నిటారు కాలేదు.

ఆ నడుం సాక్షిగా శపథం చేస్తున్నాను: ఫైల్ దొరక్కపోతే నా ప్రొసీజర్ ఇకమీదట గుట్టుగా సున్నా మింగదు, ఊరంతా వినేలా అరుస్తుంది.

ఇక ఒట్టు వేశాను గనుక ఒప్పుకోవాలి. మెరుపు మెరిసిందన్నది కల్పన. అసలు జరిగింది ఇది:

"వంద దాకా రాశానమ్మా, అయినా వినట్లేదు," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఏటిలో రాసినావు?"

"ఇదిగో, నా ఒళ్ళో ఉన్నదాంట్లో."

"మరి వద్దంటన్నదేది?"

"ఆ గదిలోది."

బుద్రమ్మ నన్ను జాలిగా చూసింది.

"చీటీ నీ ఒళ్ళో ఎట్టుకుంటే, ఆ గదిలోది ఎలా సదువుద్ది బాబూ?"