తోళ్ల కార్ఖానాలో ఈల

1942లో నన్ను కార్వాన్ సర్కారీ దవాఖానాకు డాక్టరుగా వేశారు. యుద్ధం రోజులు. సిపాయిల బూట్లకు తోలు కావాలని ఆ చుట్టుపక్కల కార్ఖానాలు పొద్దంతా నడిచేవి. పచ్చితోలును తంగేడు చెక్కతో ఊని పదును చేయాలంటే వారాలు పట్టేది. కొత్త పద్ధతిలో బైక్రోమేట్ అనే క్రోమియం ఉప్పును ఆమ్లంతో కలిపి, ఆ నీళ్లలో నానబెడితే రోజుల్లో అయిపోయేది. పనివాళ్లు దాన్ని ఎర్ర మందు అనేవారు.

ఒక ఉదయం యాదయ్య అనే పనివాణ్ని అతని భార్యకు అన్న అయిన కొమురయ్య తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడే గాని, తాకకుండా ఎడంగా నిలబడ్డాడు. యాదయ్య వేళ్ల మీద తొలిచినట్టు గుండ్రటి గుంటలున్నాయి. ఇంట్లోవాళ్లు మందని వాటిలో దాల్చినచెక్క నూనె పోశారట. మామూలు చర్మాన్నే మండించే నూనె అది. యాదయ్య చెయ్యి కదపలేదు. స్పర్శ పోయిందంటే కుష్టేనని తేల్చి, అతని భార్యను పుట్టింటికి తీసుకుపోయారు. ఇప్పుడు అతణ్ని కుష్టు ఆశ్రమానికి పంపే కాగితం నేను రాయాలి.

"నొప్పి లేకుంటె అది గూడ తప్పేనా సాబ్?" అన్నాడు యాదయ్య.

కళ్లు మూయించి, దూదిపోగుతో గుంటల చుట్టూ తాకాను. ఎక్కడ తాకానో ప్రతిసారీ సరిగ్గా చూపాడు. కుష్టులో లాగా మోచేతి దగ్గర నరం ఉబ్బలేదు. ఒంటిమీద మచ్చలు లేవు. ఎర్ర మందు గుంట అడుగున ఉన్న మాంసాన్ని చంపేసింది, అందుకే నూనె మండలేదు, అంతే. కుష్టు కాదన్నాను. కొమురయ్య నమ్మలేదు.

"మరి ఈయనను పట్టిన ఆ కార్ఖానల జిన్ను దయ్యం ఎందుకు ఈలేస్తది సాబ్? ఈయన పండుకుంటె ఇంట్ల గూడ ఏసింది. మా చెల్లె చెవులార ఇన్నది."

మర్నాడు మధ్యాహ్నం కొమురయ్యను వెంటబెట్టుకుని కార్ఖానాకు వెళ్లాను. పనివాళ్లు అన్నాలు తిని, షెడ్డులో వరుసగా నడుం వాల్చారు. మాట లేదు, గాలి లేదు. కాసేపటికి సన్నగా ఈల వినిపించింది. ఒక మూల ఆగితే ఇంకో మూల మొదలైంది. తర్వాత అన్ని వైపుల నుంచీ. ఎవరి పెదవీ కదలడం లేదు.

దగ్గరున్న మనిషి మీదికి వంగాను. ఊపిరి తీసినప్పుడల్లా అతని ముక్కులోంచే ఈల వస్తోంది. ఆ వరుసలోనే పడుకున్న యాదయ్యను లేపి కూర్చోబెట్టి, ఒక ముక్కుపుటం దగ్గర టార్చి వేశాను. వెలుగు రెండో పుటంలోంచి బయటికి వచ్చింది. తొట్ల మీద లేచే క్రోమియం తుంపర ముక్కు మధ్యగోడకు బెజ్జం చేసింది. నేను తెచ్చిన దాల్చినచెక్క విరిచి వాసన చూడమంటే ఏమీ రావట్లేదన్నాడు. నమిలితే నాలుక మాత్రం మండుతోందన్నాడు. వాసన పోయిందే గాని స్పర్శ పోలేదు.

కొమురయ్య కూడా వంగి ఆ వెలుగు చూశాడు. సాయంత్రం చెల్లెల్ని తెచ్చి దిగబెట్టాడు.

తొట్లకు మూతలు, చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కులో పూయడానికి వాసెలిన్ కావాలని కార్ఖానా యజమాని సేఠ్‌కు చెప్పాను. యుద్ధంలో రబ్బరు ఎక్కడ దొరుకుతుందన్నాడు. వాసెలిన్ మాత్రం తెప్పించాడు. పని మానుకోమంటే, ఇంకెక్కడికి పోవాలని యాదయ్య అడిగాడు.

చలికాలంలో మళ్లీ అదే మధ్యాహ్నం వేళ వెళ్లినప్పుడు షెడ్డులో ఏ ఈలా లేదు.

"సేఠ్ ముల్లాను పిలిచి ఫాతెహా సదివిచ్చిండు సాబ్. జిన్ను పోయింది. ఇప్పుడు మస్తు నిమ్మళం," అన్నాడు యాదయ్య.

అతని ముక్కులో టార్చి వేసి చూశాను. మధ్యగోడ చాలావరకు లేదు. మిగతావాళ్లకూ అంతే. చిన్న బెజ్జంలోంచి పోయే గాలి ఈల వేస్తుంది. బెజ్జం పెద్దదైతే గాలికి అడ్డం ఉండదు, ఈలా ఉండదు. అదే అతనికి చెప్పాను. "గట్లనా," అని, తొడుగులు లేని చేతులకు ఆ వాసెలినే రాసుకుని తొట్టి దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో, లక్షణం ఆగిపోయిందని విని ఏ రోగికీ నయమైందని రాయలేదు. పరీక్షించాకే రాశాను.