కోడం నరసయ్య చెవులు

సోలాపూర్ దాజీపేటల పొద్దుగాల పవర్లూములు షురూ అయినయంటే ఇగ మనిషి గొంతుకు ఇజ్జత్ లేదు. అవతలి మగ్గం కాడున్నోడు "నూలు తెగింది" అన్నా, "చాయ్ తాగుదాం నడు" అన్నా గొంతు వాడడు, ఉత్తగ పెదవులు కదిలిస్తడు. ఇవతలోడు చూసి తలకాయ ఊపుతడు. ఇది ఎవరూ నేర్పేది గాదు. ఆ గల్లీల పుట్టినోళ్ళకు నడక వచ్చినట్టే వచ్చేది.

కోడం నరసయ్యకూ అట్లనే వచ్చింది. వాళ్ళింట్ల ముందటర్రల ఆరు మగ్గాలు, వెనుకర్రల వంట, పడక. వాకిట్ల బీడీలు చుట్టుకుంట తల్లి బాలమణి తలకాయెత్తి పెదవులు కదిలిస్తే, ఆ కొసన నూలు అతుకుతున్న నరసయ్య చేతులు కడుక్కొని అన్నానికి వచ్చేటోడు.

పదిహేడేండ్లకు నేవీల ఆర్టిఫిసర్ పరీక్ష పాసయ్యిండు. ఆర్టిఫిసరంటే ఓడ ఇంజన్లు విప్పి బిగించే మేస్త్రి అనుకోండ్రి. "బిందెడు నీళ్ళకు నల్లా కాడ లైను కడ్తం, వీడేమో సముద్రం మీద నౌకరీ జేస్తడట" అని పక్కింటి సాయిలు ఏడాదిదాక ఎక్కిరించిండు. నరసయ్య లోణావళా నేవీ బడిల నాలుగేండ్లు పని నేర్సుకున్నడు, ఓడ ఎక్కిండు, డ్యూటీ చేసుకుంటనే చదివి ఆఫీసర్ పరీక్ష గూడ కొట్టిండు. ఎనభై నాలుగుల లెఫ్టినెంట్ కమాండర్. తొంభైల కమాండర్, ఒక పెద్ద యుద్ధనౌకకు ఇంజనీర్ ఆఫీసర్. భుజం మీద మూడు బంగారు పట్టీలు. సాయిలు అప్పటికి నవ్వుడు బంద్ చేసి, మావోడు మావోడని చెప్పుకుంట తిరుగుతుండె.

ఆ మూడు పట్టీలు ఊరికె రాలే. ఇంజన్ రూంల చప్పుడు ముందల దాజీపేట చప్పుడు ఏపాటిది? మిగిలిన ఆఫీసర్లు చెవుల నోరు పెట్టి గొంతు చించుకునేటోళ్ళు, చీటీలు రాసేటోళ్ళు. నరసయ్య ఒక్కకాడ నిలబడి, ఆ కొసనున్న సెయిలర్ పెదవులు చూసి ఏ వాల్వు కారుతుందో చెప్పేటోడు. హిందీ గానీ, మరాఠీ గానీ, ఇంగ్లీషు గానీ. "కోడం సాబ్ ఉన్నకాడ మనసుల గూడ తిట్టొద్దురా" అని పిలగాండ్లు హడలిపోయేటోళ్ళు.

అయితే ఒక సంగతి ఆయనకే తెలువలే. చిన్నప్పటి మగ్గాలు కొంత, ఓడ ఇంజన్లు కొంత, రెండూ కలిసి ఆయన చెవులను తినేసినయి. పెదవులు చూసుకుంట, వింటున్ననే అనుకున్నడు మహానుభావుడు. భార్య పద్మ వెనుకకెల్లి పిలిస్తే పలికేటోడు గాదు. "ఏం ఆలోచనల ఉంటవో" అని ఆమే సర్దుకునేది.

తొంభై నాలుగుల కెప్టెన్ ర్యాంకుకు ఆయన పేరు పోయింది. నాలుగో పట్టీ పడితే చాలు, ఈ బతుకుల ఇంకేం కోరుకోననుకున్నడు. మిగిలింది బొంబాయిల డాక్టరు పరీక్ష ఒక్కటే. డాక్టరు ఆయనను గోడదిక్కు తిప్పి నిలబెట్టి, ఇరవై అడుగులు వెనుకకు పోయి గుసగుసగ మాటలు చెప్పిండు. విన్నది తిరిగి చెప్పాలె. నరసయ్యకు ఒక్క ముక్క వినపడలే.

అప్పుడు ఎదురుంగున్న మందుల అల్మారా అద్దంల డాక్టరు మొఖం కనబడ్డది. పెదవులు కదులుతున్నయి.

"నలభై రెండు" అన్నడు నరసయ్య. "రైల్వే స్టేషన్" అన్నడు. "పచ్చ జెండా" అన్నడు. పదికి పది. డాక్టరు సంతకం పెట్టిండు.

బయటికి వచ్చినంక, మోసం జేసిన్నా అని తనను తానే అడిగిండు. ఆ అద్దం అక్కడ పెట్టింది నేనా అని తనే జవాబిచ్చుకున్నడు. మనిషి తనకు తాను చెప్పుకునే జవాబులు ఎప్పుడూ ఇట్లనే నున్నగ ఉంటయి.

నాలుగు రోజుల సుట్టి పెట్టి సోలాపూర్ వచ్చిండు. పొద్దుగూకినంక తల్లి చాయ్ మరగబెట్టి గిన్నె కింద దించింది. అంతల్నే కరెంటు పోయింది. ఆరు మగ్గాలూ ఒక్కసారి ఆగినయి. కరెంటు పోయినప్పుడే దాజీపేటల మనుషులు గొంతు విప్పి మాట్లాడుకునేది. నరసయ్య మాత్రం చీకట్ల ఒక్కడే ఉన్నట్టు లేచి, కందిలి తెద్దామని నడిచిండు. కాలికేదో తాకి బొర్లింది.

తమ్ముడు రామన్న కందిలి తెచ్చేసరికి తల్లి పాదం పట్టుకొని కూసున్నది. మరుగుతున్న చాయ్ అంతా కాలు మీదనే పడ్డది.

"అమ్మ మూడుసార్లు ఆగుమన్నది గదన్నా" అన్నడు రామన్న. "మగ్గం కాడున్న నాకు వినపడ్డది."

తెల్లారి మగ్గాలు షురూ గాకముందే నరసయ్య వాకిట్ల పేపర్ చదువుతుంటే, తల్లి వెనుక నిలబడి నాలుగుసార్లు పేరు పెట్టి పిలిచిందట. మరదలు సరోజ తర్వాత చెప్పింది. బాలమణి కుంటుకుంట ముందటికి వచ్చి కూసున్నది. అప్పుడే లోపల మగ్గాలు షురూ అయినయి. ఆమె పెదవులు మాత్రం కదిలించింది.

"ఎప్పటిసంది?"

"తెల్వదమ్మా."

"ఓడల కరెంటు పోదా, బిడ్డా?"

పోతది. లైట్లున్నా, గొట్టం పగిలి పొగ నిండితే మొఖాలు కనబడయి. అప్పుడు "సాబ్, అటు పోవద్దు" అని ఒకడు మొత్తుకుంటడు, "ఇక్కడ ఇరుక్కున్న" అని ఇంకొకడు మొత్తుకుంటడు. ఆయన చేతి కింద ఎనభై మంది. నరసయ్యకు భయమైంది, నిజంగ భయమైంది.

సుట్టి మిగిలి ఉండంగనే బొంబాయి పోయి డాక్టరు ముందట నిలబడ్డడు. "సార్, ఆ అల్మారాకు బట్ట కప్పి మళ్ళొకసారి చూడుండ్రి."

డాక్టరు సంతకం పెట్టిన కాయితం తీసి చూపిచ్చిండు. "పాసయినవు గద, కమాండర్. నిన్నెవరడిగిండ్రు?"

"మా అమ్మ అడిగింది సార్."

బట్ట కప్పిండ్రు. నరసయ్య గోడదిక్కు తిరిగి నిలబడ్డడు. షురూ చేసిండ్రా అని అడుగుదామనుకునేలోపల డాక్టరు వచ్చి భుజం మీద చెయ్యేసిండు. పది మాటలూ అయిపోయినయి.

లిస్టులకెల్లి పేరు కొట్టేసిండ్రు. ఓడ దింపి, లోణావళాల పిలగాండ్లకు ఇంజన్ల పాఠాలు చెప్పే పోస్టు ఇచ్చిండ్రు. ఇగ రిటైరయ్యేదాక కమాండరే.

ఆ దినం ఎస్టీడీ బూత్‌కు పోయి, దాజీపేట గల్లీల యమునాబాయి కిరాణ దుకాణానికి ఫోన్ చేసి తల్లిని పిలిపించిండు. "అమ్మా, కెప్టెన్ను గాలే. నేనే చెప్పేసిన. ఓడ ఇడిసిపెట్టిన" అన్నడు.

అటుదిక్కు ఆమె ఏదో అంటున్నది. ఏడుస్తున్నదో, మెచ్చుకుంటున్నదో, కాలు మానిందని చెప్తున్నదో. ఆయనకు గరగర తప్ప ఏమీ తెలుస్తలేదు. రిసీవర్ గట్టిగ చెవికి ఒత్తుకొని నిలబడ్డడు.

"వినపడతలేదమ్మా" అన్నడు ఆఖరికి. "ఆదివారం వస్త. ఎదురుంగ కూసొని చెప్పు."