సలోమి టీచరు సైటులో మాస్టారి పరువు

కృపానందం మాస్టారి పరువు ఎవరో తీయలేదు. ఆయనే తీసుకున్నారు. అదీ ఆదివారం పూట చర్చిలో, ప్రకటనల వేళ, మైకు చేత్తో పట్టుకుని మరీ.

ఏలూరులో ఓ మిషను స్కూల్లో ముప్పయ్యేళ్ళ పైచిలుకు డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి ఆయన. రిటైరైనా ఒంట్లోంచి డ్రిల్లు పోలేదు. పవర్‌పేట రోడ్డు మీద ఆయన నడుస్తుంటే పక్కన నడిచేవాళ్ళు తెలియకుండానే అడుగు కలిపేసేవారు. చర్చిలో సంఘపెద్ద కాబట్టి బెంచీల వరసలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఆయనే చూసేవారు. పెద్దమనిషే, మంచి మనిషే, కానీ ఎదుటివాళ్ళు చెప్పింది ఒప్పుకున్న పాపాన పోలేదు. ఎండ మండిపోతోందని భార్య అంటే, మండటం కాదు సలోమీ, కాస్త చురుక్కుమంటోంది అని దిద్దేవారు.

ఆ సలోమి అదే స్కూల్లో సోషలు టీచరు. సెలవొస్తే ఇద్దరూ స్కూటరెక్కి కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు. తను కూడా రిటైరయ్యాక ఆవిడ ఊరుకోలేదు. తన దగ్గర చదువుకున్న మెర్సీ పవర్‌పేటలో నెట్ సెంటరు పెడితే అక్కడ కూర్చుని కంప్యూటరు నేర్చుకుంది. నేర్చుకుని 'కొల్లేటి చుట్టూ' అని తెలుగులో ఓ వెబ్‌సైటు పెట్టింది. ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. రాసినప్పుడల్లా ఇంటికొచ్చి, "కొత్తది రాశానండీ, ఓసారి వచ్చి చదవకూడదూ?" అనేది. "నాకు తెలియని ఊళ్ళా అవి? నడిపింది నేనే కదా," అనేవారు మాస్టారు. ఒక్కసారీ వెళ్ళలేదు.

రెండువేల ఎనిమిది వానాకాలంలో ఆవిడ జ్వరమని ఆస్పత్రిలో చేరి మరి తిరిగి రాలేదు. మాస్టారికి దిక్కుతోచలేదు. దిద్దడానికి ఇంట్లో మనిషి లేకపోతే ఆ నోటికి పనేముంది? ఫోటోకి దండ వేయించారు, సమాధికి నల్లరాయి పెట్టించారు, ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక కూడా పెట్టించారు. ఆ కూడికలో భోజనాలయ్యాక మెర్సీ వచ్చి పక్కన నిలబడింది.

"మాస్టారండీ, ఒక్క మాటండి. టీచరు గారి సైటుకి ఊరికే చోటిచ్చిన అమెరికా కంపెనీ దుకాణం మూసేస్తోందండి. ఈ అక్టోబరు దాటితే మొత్తం పోతుందండి."

"పోవడమేంటమ్మా? రాసిన రాత ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదండి, అసలు ఉండదండి. ఈలోపల ఇంకో చోటికి మార్చుకోవాలి. పాస్‌వర్డు నా దగ్గరే ఉందనుకోండి. మీరు ఊఁ అంటే చాలు."

మాస్టారి గుండె గుభేలుమంది. రాయి మీద ఉన్నది పేరూ తేదీలూ మాత్రమే. సలోమి మాటంటూ ఈ లోకంలో మిగిలింది ఆ సైటు ఒక్కటే. అదీ పోతే ఇంకేముంది? "మార్చు తల్లీ, ఒక్క అక్షరం పోకూడదు," అన్నారు. ఆ ఊపులోనే ఆ ఆదివారం చర్చిలో మైకు అందుకున్నారు. కీర్తిశేషురాలు సలోమి టీచరు గారు మన ప్రాంతం గురించి ఎంతో విజ్ఞానదాయకంగా రాశారనీ, సంఘంలో చదువు వచ్చిన ప్రతి ఒక్కరూ తప్పక చూడాలనీ, పిల్లలకు చూపించాలనీ ఆజ్ఞాపించారు. చదవని పుస్తకానికి ముందుమాట రాయడమంటే ఇదే.

మాస్టారి మాట సంఘం ఎన్నడూ జవదాటలేదు. అందరూ చదివారు.

పై ఆదివారం ఆయన చర్చిలో అడుగు పెట్టగానే పాటలు పాడే ఆడపిల్లలు పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరు విశ్వాసం గారు చెయ్యి కలిపి, "ఏమండీ మాస్టారూ, కలిదిండి చెరువు లోతెంతుంటుందండి?" అన్నారు. బయటికొస్తుంటే తోటి పెద్ద ఒకాయన భుజం తట్టి, "ఈసారి రైలెక్కేటప్పుడు తోడొచ్చినవాళ్ళని లెక్క చూసుకోండి బాబూ," అని కిసుక్కున నవ్వారు. మాస్టారికి ఒక్క ముక్కా బోధపడలేదు. మర్నాడు పొద్దున్నే నెట్ సెంటరు షట్టరు తీయకముందే మెట్ల మీద నిలబడ్డారు.

మెర్సీ కుర్చీ వేసి, సైటు తెరిచి, తను అవతల ఎంసెట్ కౌన్సెలింగు కాగితాలు ప్రింటు తీస్తూ ఉండిపోయింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కలిదిండి పేజీ నొక్కారు.

'చెరువు గట్టు మీద ఎలా నడవాలో ఇక్కడి వాళ్ళకు తెలియదని మా వారికి అనుమానం కలిగింది. నేర్పుతానని ముందు నడిచారు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. గట్టు మలుపు తిరిగింది. మా వారు తిరగలేదు.'

మాస్టారు గతుక్కుమని దెందులూరు నొక్కారు. 'స్కూటర్లో పెట్రోలు ఉందని మా వారు, లేదని స్కూటరు. హైవే మీద ఆగిపోయింది. ఉందని వాదిస్తూనే ఏలూరు దాకా తోశారు.' ఆకివీడు నొక్కారు. 'చేపల దగ్గర అరగంట బేరమాడి ధర సగానికి దించారు. తీరా చూస్తే అవతలాయన అమ్మేవాడు కాదు, మాలాగే కొనుక్కోవడానికి వచ్చిన మనిషి. ఆయన కూడా మా వారినే అమ్మేవాడనుకున్నాడట.'

'కొల్లేటి చుట్టూ' సైటులో ఉన్నది కొల్లేరు కాదు, ఆయనే! పక్క క్యాబిన్లో కుర్రాళ్ళు వింటారని పళ్ళు బిగబట్టుకుని తాడేపల్లిగూడెం పేజీ తెరిచారు.

'గూడెంలో ఉల్లిపాయలు చవకని వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు నేను ప్లాట్‌ఫారం మీద సంచీ మూతి కట్టుకుంటున్నాను. పాసింజరు వచ్చింది. మా వారు టైము ప్రకారం ఎక్కేశారు. రైలు కదిలిపోయింది. ఉల్లిపాయలూ నేనూ మొహాలు చూసుకున్నాం. నేను బస్సులో ఇల్లు చేరి, వంట చేసి, బాగా పొద్దుపోయే దాకా కూర్చుంటే అప్పుడు వచ్చారు. ఎక్కడికెళ్ళారండీ అంటే పని ఉందన్నారు. ఇన్నేళ్ళలో గొడుగు మరిచిపోలేదు, తాళాలు మరిచిపోలేదు. ఆయన మరిచిపోయింది నన్నొక్కదాన్నే.'

దాని కింద సందర్శకుల పుస్తకం. చదివినవాళ్ళు నాలుగు ముక్కలు రాసి వెళ్ళే చోటు. భీమవరం నుంచి, హైదరాబాదు నుంచి, దుబాయి నుంచి కూడా రాశారు. 'భార్యను మరిచిపోయిన మాస్టారు గారికి నమస్కారాలు.' ఆకివీడు నుంచి ప్రసన్న అనే ఆవిడ అన్ని పేజీల్లోనూ ఉంది. 'టీచరు గారండీ, వచ్చే వారం మా ఆయన్నీ గూడెం తీసుకెళ్తున్నానండి. ఈసారి నేనే ముందు ఎక్కేస్తాను.'

మాస్టారు లేచి నిలబడ్డారు. "మెర్సీ! ఇటు రా. మార్చేటప్పుడు ఇదంతా శుభ్రం చెయ్యి. ఊళ్ళుండనీ, నన్ను తీసెయ్."

"అయ్యో, అవి టీచరు గారు రాసుకున్నవండి."

"టీచరు గారి మొగుణ్ణి నేను. నలుగురికీ బుద్ధులు చెప్పే మనిషిని. రేపు నేను నిలబడి అటెన్షన్ అంటే ఎవడైనా కాళ్ళు కలుపుతాడా? తీసెయ్యమన్నాను."

మెర్సీ సరేనంది. డ్రిల్లు పీరియడ్లో ఆయన నిలబెడితే మోకాళ్ళ మీద నిలబడినదే మరి. అసలు సైటు మొత్తం ముందు జాగ్రత్తగా తన దగ్గర దాచుకుని, కొత్త చోట మాస్టారు చెప్పినట్టే పెట్టి, వారం తిరక్కుండా కబురు పెట్టింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కలిదిండి నొక్కారు.

'కలిదిండి మండల కేంద్రం. ఇక్కడ చేపల చెరువులు ఎక్కువ.'

కిందికి జరిపారు. ఇంకేమీ లేదు. దెందులూరు నొక్కితే, 'ఇది జాతీయ రహదారి మీద ఉంది.' అంతే. ఆకివీడులో లారీలున్నాయి, చేపలున్నాయి. గూడెంలో ఉల్లిపాయలు చవక.

"ఇదేంటమ్మా, ఆరో తరగతి సోషలు పుస్తకంలా ఉంది? మిగతాది ఏదీ?"

"మిమ్మల్ని తీసేస్తే మిగిలింది అంతేనండి మాస్టారూ."

మాస్టారు మళ్ళీ కలిదిండి నొక్కి ఆ రెండు వాక్యాలూ చదివారు. అందులో కలిదిండి ఉంది, చెరువు ఉంది. సలోమి లేదు. ఆ పెదవి విరుపు లేదు, గట్టు మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని పడీ పడీ నవ్విన నవ్వు లేదు. ఒక్క అక్షరం పోకూడదన్నది తనే, ఆమెను తన చేత్తోనే రెండోసారి పాతిపెట్టిందీ తనే.

"పెట్టెయ్యమ్మా," అన్నారు చివరికి. "చెరువూ, స్కూటరూ, చేపల బేరం, అన్నీ మళ్ళీ పెట్టెయ్. జనం నవ్వితే నవ్వనీ. కానీ గూడెం ఒక్కటీ వద్దు."

"దానికే ఎక్కువమంది వస్తారండి. ప్రసన్న గారు వాళ్ళ అత్తగారికి చదివి వినిపించారట."

"అది అబద్ధం మెర్సీ!" మాస్టారి గొంతు వణికింది. ఆ గొంతు వణకడం మెర్సీ ఎప్పుడూ వినలేదు. "చెరువులో పడ్డాను, నిజం. స్కూటరు తోశాను, నిజం. నేను సలోమిని మరిచిపోలేదు. ఆ రోజు రైల్లో కాలు పెట్టే చోటు లేదు. నేను ముందు తోసుకుని ఎక్కి, కిటికీ పక్క సీటు మీద రుమాలు వేశాను, ఆవిడ కోసం. వేసి వెనక్కి తిరిగి పిలుద్దును కదా, రైలు కదిలింది. గుమ్మంలో జనం. అరిచినా వినబడదు. బాదంపూడిలో ఆగితే దూకేశాను. రుమాలు మాత్రం బెజవాడ పోయింది."

"అయ్యయ్యో! తరవాతండి?"

"తరవాతేముంది, దొరికిన లారీ ఎక్కి గూడెం వచ్చాను. ప్లాట్‌ఫారం మీద లేదు. ఉల్లిపాయల మార్కెట్లో లేదు. స్టేషను మాస్టారి కాళ్ళా వేళ్ళా పడితే మైకులో పిలిచాడు, ఏలూరు సలోమి గారు ఎక్కడున్నా రావలెనని. ముగ్గురు సలోమిలు వచ్చారు, మా ఆవిడ రాలేదు. పొద్దుగూకే దాకా వెతికాను. బెంచీ మీద కూర్చుని..." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఇంటికొచ్చి చూద్దును కదా, వంట చేసుకుని నింపాదిగా కూర్చుని ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఎక్కడికెళ్ళారండీ అంది. డ్రిల్లు మాస్టారు గూడెం స్టేషన్లో కూర్చుని ఏడ్చాడని ఏ మొహంతో చెప్పమంటావు? పని ఉందన్నాను."

కరెంటు పోయి యూపీఎస్ కుయ్ కుయ్ మని మొత్తుకుంటున్నా మెర్సీ లేవలేదు. "అయితే ఆ ఒక్క మాటా తీసేద్దామాండీ? మరిచిపోయింది నన్నొక్కదాన్నే అన్నది?"

మాస్టారు తీసెయ్యమనబోయి ఆగారు. "వద్దమ్మా. అబద్ధం రాసింది ఆవిడ కాదు. పని ఉందని అబద్ధం చెప్పింది నేను. పాపం, నేను చెప్పిందే నమ్మి రాసుకుంది. దాని మీద నేను చెయ్యి వెయ్యకూడదు."

"పోనీ అందరూ రాసే చోట మీరూ రాయకూడదాండీ? సందర్శకుల పుస్తకంలో?"

మెర్సీ దాచిన పేజీలన్నీ మళ్ళీ పెట్టి, పాత సైటులో కొత్త చిరునామా ఇచ్చింది. తను టైపు చేసి పెడతానంటే మాస్టారు ఒప్పుకోలేదు. నెట్ సెంటరు కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చాలక రెండుసార్లు మొదటికొచ్చింది. మెర్సీ మీద కసురుకున్నారు, కీబోర్డు మీద కసురుకున్నారు, అయినా లేవలేదు.

'సలోమీ, నేను నిన్ను మరిచిపోలేదు. కిటికీ పక్కన రుమాలు వేసింది నీ కోసమే. బాదంపూడిలో దిగి వెనక్కి వచ్చాను. నువ్వు కనబడక ఏడ్చాను. అప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు పోయి ఏడాది దాటింది. కృపానందం, ఏలూరు.'

మర్నాడు షట్టరు తీసే వేళకి మాస్టారు మళ్ళీ మెట్ల మీదే ఉన్నారు. ఏమీ లేదు, ఊరికే వచ్చానన్నారు. మెర్సీ నవ్వాపుకుంటూ గూడెం పేజీ తెరిచింది. ఆయన రాసిన దాని కింద అప్పుడే ఆకివీడు నుంచి ఒక మాట వచ్చి ఉంది.

'టీచరు గారు పోయారని ఇప్పుడే తెలిసిందండి, చాలా బాధేసింది. కానీ మాస్టారు గారూ, ఏమీ అనుకోకండి, ఈ మాట ఆవిడ ఉండగా చెప్పాల్సిందండి. ప్రసన్న.'

మెర్సీ గాభరా పడి మాస్టారి మొహంలోకి చూసింది. ఆయన ఆ మాట ఒకటికి రెండుసార్లు చదువుకున్నారు. జవాబు ఎక్కడ కొట్టాలో చూపించమని, కుర్చీ ముందుకు జరుపుకుని, అక్షరాలు వెతుక్కుంటూ రాశారు.

'అవునండి.'