పిల్లల గొంతులున్న క్యాసెట్

ఎనభైల చివర్లో నాకు ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. కల్వకుర్తి దాటాక బస్సు దిగి, మట్టిరోడ్డు మీద అరగంట నడిస్తే వచ్చే ఊళ్లో హైస్కూలు. నేను పుట్టింది నల్లగొండ దగ్గర పానగల్‌లో. ట్రైనింగ్ కాలేజీలో నేను నోరు విప్పితే తోటివాళ్లు నవ్వేవారు. 'వచ్చిన' మానేసి 'వచ్చాను' అనడం ఏడాదిలో నేర్చుకున్నాను. ఇంట్లో అమ్మతో తప్ప పాత మాట మాట్లాడేదాన్ని కాదు. అలా మారినందుకు గర్వపడేదాన్ని కూడా.

ఆ బడిలో పిల్లలకు ఇంగ్లీషంటే బోర్డు మీద ఉన్నది నోట్సులో ఎక్కించుకోవడమే. తొమ్మిదో తరగతివాళ్లు కూడా పాఠం మొత్తం ఒప్పజెప్పేవారు గాని, 'నీ పేరేమిటి' అని ఇంగ్లీషులో అడిగితే పక్కవాళ్ల వైపు చూసేవారు. పల్లికాయ పీకే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు.

పెద్దసారు గదిలోని బీరువాలో ఒక టేప్ రికార్డరు ఉందని అటెండరు చెప్పాడు. పైనుంచి అన్ని బళ్లకూ పంపారట. అట్టపెట్టెలోంచి బయటికి తీయనే లేదు. వెళ్లి అడిగాను.

"జర పైలం మేడం," అన్నాడు పెద్దసారు తాళంచెవులు తీస్తూ. "ఖరాబైతె నా మీదికొస్తది. నాకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది."

పెట్టెలో రెండు క్యాసెట్లున్నాయి. ఒకదాంట్లో పాఠాలు, రెండోది ఖాళీది. పాఠాల క్యాసెట్ పెడితే ఎవరో పట్నపు ఆవిడ గొంతు గబగబా ఇంగ్లీషు చదివింది. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండు రోజులు ఆ పెట్టెను వింతగా చూశారు, మూడో రోజు మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

అప్పుడు ఖాళీ క్యాసెట్ పెట్టాను. "మీ ఇంటి సంగతి ఏదైనా మీ మాటల్లో చెప్పండి. తర్వాత అదే మాట ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో చూద్దాం," అన్నాను. మొదట ఎవరూ లేవలేదు. చివరికి ఒక అమ్మాయి లేచింది. ఆమె తండ్రి ఆ ఊరి దర్జీ, బస్సు ఆగే చోట రేకుల కింద మిషను పెట్టుకున్నాడు. వాళ్లింట్లో ఉర్దూ, బజార్లో తెలుగు.

"మా అబ్బా మిషిన్ మీద కూసుంటె లేవడు," అంది. "గుడ్డ కత్తిరిచ్చేటప్పుడు మాట్లాడిస్తె కోపానికొస్తడు. నేను కాజాలు కుడ్త. సూది గుచ్చుకుంటె నోట్లె ఏలు వెట్టుకుంట. అబ్బాకు జెప్పను."

వెనక్కి తిప్పి వినిపించాను. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"గది నేనేనా టీచర్?"

"నువ్వే."

"నా గొంతు గిట్లుంటదా?"

అంతే, తరగతి అంతా లేచింది. నేనంటే నేనని బల్లల మీద నుంచి దూకి వచ్చారు. ఆ రోజు మొదలు వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. బర్రె ఈనిన సంగతి, బాయిల మోటరు కాలిన సంగతి, కూలికి దూరదేశం పోయిన అమ్మ బాపు సంగతి. ముందు వాళ్ల మాట, వెంటనే దాని ఇంగ్లీషు. తప్పు దొర్లితే వాళ్లే విని, వాళ్లే పట్టుకుని, మళ్లీ చెప్పేవారు. నేను దిద్దే పని సగం తగ్గింది. దర్జీ బిడ్డ అందరికన్నా ముందు నడిచింది. తండ్రి గురించి ఇంగ్లీషులో ఆగకుండా చెప్పేది. ఏ గొంతు విన్నా అచ్చం అట్లాగే పలికేది. పల్లికాయ పనులు నడుస్తున్నా పిల్లలు బడికి వచ్చారు. నా జీవితంలో నేను నిజంగా చదువు చెప్పిన రోజులు అవే.

చలికాలంలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పెద్దసారు సంబరంగా, "మా మేడం టేపు మీద పాఠం చెప్తది సార్," అన్నాడు. అధికారి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను క్యాసెట్ పెట్టాను. నాకూ సంబరమే.

దర్జీ బిడ్డ గొంతు వచ్చింది. ఇంగ్లీషు దాకా ఆయన ఆగలేదు. చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఎవరిదీ గొంతు?"

ఆ అమ్మాయి నిలబడింది. ముఖం వెలుగుతోంది, మెచ్చుకుంటాడనుకుంది.

"ఏలు కాదమ్మా, వేలు. వెట్టుకుంట కాదు, పెట్టుకుంటాను. ఏదీ, అను."

"వేలు... వెట్టుకుంటాను."

ఆయన పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడని పెద్దసారు నవ్వాడు. పెద్దసారు నవ్వాడని పిల్లలు నవ్వారు. నిన్నటిదాకా అదే మాట మాట్లాడిన పిల్లలు. ఆయన ఇంకో నాలుగుసార్లు అనిపించాడు. ప్రతిసారీ ఆ పిల్ల గొంతు చిన్నదైంది. చివరికి పెదాలు కదిలాయి గాని మాట రాలేదు.

"సగం తురకం, సగం మోటు," అని నా వైపు తిరిగాడు. "మీరు బాగానే మాట్లాడుతున్నారు కదా. ఇలాంటివి రికార్డు చేస్తారా?"

నాకు జవాబు తెలుసు. ఇంకో రెండు నిమిషాలు వినండి సార్, ఈ పిల్ల ఇంగ్లీషు వినండి, అనాలి. నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"సరిచేస్తాను సార్."

"మీ ఇంగ్లీషు వాచకంలోంచి నేనొక మాదిరి పాఠం చదువుతాను. రికార్డు చేసుకోండి. రోజూ వినిపించి అనిపించండి."

కల్వకుర్తి బజార్లో ఖాళీ క్యాసెట్లు దొరికేవి. రేపు తెస్తాను సార్ అనొచ్చు. అనలేదు. పిల్లల క్యాసెట్‌నే మొదటికి తిప్పి, వాళ్లందరి ముందే ఎర్ర బొత్తం నొక్కాను. ఆయన చదువుతూ పోయాడు. పిల్లల గొంతులు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను.

వారం తర్వాత దర్జీ బడికి వచ్చాడు. మెడలో కొలతల టేపు అట్లాగే ఉంది. వెనక బిడ్డ.

"సలాం టీచరమ్మా. బిడ్డ ఇంగ్లీషుల నా గురించి చెప్పిందని గిరాకీలందరికి చెప్పిన. జర ఒక్కసారి ఇనిపిస్తరా?"

"మిషను ఖరాబైంది," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "గంతేనా? ఫికర్ జేయకుండ్రి. ఇటు తెండ్రి, నేను జూస్త. మిషిన్లు బాగు జేసుడు నాకు పనే."

"సర్కారు సామాను. బయటివాళ్లు ముట్టుకోకూడదు."

ఆయన మెడలో టేపు సర్దుకుని, "గట్లనా. సరే మల్ల," అని తిరిగాడు. బిడ్డకు అంతా తెలుసు. నేను బొత్తం నొక్కుతుంటే చూసింది. అయినా తండ్రితో ఒక్క మాట అనలేదు. నా వైపు చూడనూ లేదు.

తర్వాత ఆ అమ్మాయి తరగతిలో తనంతట తాను నోరు విప్పలేదు. చదవమంటే చదివేది, అచ్చం ఆ అధికారి గొంతుతో. అదే సాగదీత, అదే ఆపు. తప్పు ఎక్కడా ఉండేది కాదు. వినలేక నేనే ఆమెను చదవమనడం మానేశాను. పదో తరగతి పాసై వెళ్లిపోయింది. ఎటు పోయిందో నేను ఆరా తీయలేదు.

నాకు మాత్రం మేలే జరిగింది. మాదిరి పాఠం రికార్డు చేసిన టీచరని ఆ అధికారి మంచి రిపోర్టు రాశాడు. కొన్నేళ్లకు షాద్‌నగర్‌కు బదిలీ దొరికింది.

తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో మాకు శిక్షణ పెట్టారు. ఒక గదిలో కొత్త కంప్యూటరు, దాని మీద కప్పిన గుడ్డ. భాషను పిల్లలకు ఆటలాగా నేర్పాలి, యంత్రాలను వాడుకోవాలి, అని చెప్పారు. ఎవరైనా అట్లా చేశారా అని అడిగితే నేను చెయ్యెత్తాను. పిల్లల గొంతులు రికార్డు చేసిన సంగతి చెప్పాను. తనిఖీ సంగతి రాకముందే చెప్పడం ఆపేశాను. గదంతా చప్పట్లు.

టీచర్ల పుస్తకంలో వేస్తామని, రాసిమ్మన్నారు. రెండు పేజీలు రాసిచ్చాను. అందులో దర్జీ బిడ్డ చెప్పిన మాటలు కూడా పెట్టాను. 'వేలు పెట్టుకుంటాను' అని, దిద్ది.