కొంగు చుట్టిన వేలు

చిన్నమ్మ అనగానే నాకు కొంగు చుట్టిన వేలు గుర్తొస్తుంది. డాక్టరు ఏమడిగినా ఆమె కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ చిన్నాయన వైపు చూసేది. జవాబు ఆయనే చెప్పేవాడు. "నిద్ర పోదు సార్. ఊకె ఏడుస్తది." ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వాళ్లతో నేనూ బస్సులో వెళ్లేదాన్ని. ఎందరు డాక్టర్లను మార్చినా అందరూ ఆయన్నే అడిగి మందులు రాశారు.

చివరికి ఒక కౌన్సెలింగ్ డాక్టరమ్మ చిన్నాయననూ నన్నూ బయట కూర్చోమని తలుపేసుకుంది. చాలాసేపటికి చిన్నమ్మ బయటికొచ్చింది. వేలికి కొంగు లేదు.

"నన్ను అడిగింది బిడ్డా, నన్నే," అంది బస్టాండులో నా చెవిలో. "ఇగ గీమె దగ్గరికే వస్త."

ఇంటికి చేరాక చిన్నాయన ఆమెను ఒక్కటే అడిగాడు.

"లోపల నా గురించి ఏం చెప్పినవ్?"

తర్వాతి నెల మళ్లీ పాత డాక్టర్లలో ఒకాయన దగ్గరికే తీసుకెళ్లాడు.

"ఇప్పుడెట్లుంది?" అని డాక్టరు చిన్నాయనను అడిగాడు.

"మంచిగైంది సార్. అసలు ఏడుస్తనే లేదు."

అది నిజమే. లోపల ఏం చెప్పినవని చిన్నాయన అడిగిన రోజు నుంచి చిన్నమ్మ ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి ఆయన వైపు కూడా చూడలేదు. వేలు తెల్లబడేదాకా కొంగు బిగించి, తలుపు వైపే చూస్తూ కూర్చుంది.