పగిలిన గాజు ద్రాక్షగుత్తి

మొన్న ఉప్పల్ చౌరస్తా దగ్గర దీపాలమ్మే దుకాణంలో మా కోడలు ఏదో బేరం చేస్తుంటే, నేను గోడకు వేలాడుతున్న గాజు ద్రాక్షగుత్తిని చూస్తూ నిలబడిపోయాను. ఇంటికొచ్చినా మనసు మనసులో లేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఉప్పల్ అంటే ద్రాక్షతోటలే. రాతి కూసాల మీద ఎటు చూసినా తీగ పందిళ్ళే. మా అమ్మ అక్కడ కూలికి పోయేది. గుత్తుల్లో కొన్ని పిందెలను చిన్న కత్తెరతో తీసేసి, మిగిలినవి బాగా ఊరేటట్లు పలచన చేయడం ఆమె పని. అందులో తనను మించినవాళ్ళు లేరని ఆమెకే గట్టి నమ్మకం. నాయిన నాచారంలో సీసాల కార్ఖానాలో కరిగిన గాజును గొట్టంతో ఊదేవాడు. ఒకరి పనిని ఒకరు వెక్కిరించుకుంటూనే హాయిగా కాపురం చేశారు.

ఊపిరితిత్తులు చెడి అమ్మ దవాఖానాలో పడేనాటికి వానాకాలం. తోటల్లో ఆకు తప్ప కాయ లేదు. మెతుకు మింగలేని మనిషి, ఒక్కసారి ద్రాక్షగుత్తిని చూడాలని అడిగింది. నాయిన పట్నమంతా తిరిగినా దొరకలేదు. చివరికి కార్ఖానా మేస్త్రీని బతిమాలుకుని, సీసాల పచ్చగాజుతోనే ఒక్కో కాయా ఊది, వేడి మీదే అతికించి గుత్తి చేశాడు. అలాంటిదాన్ని కొలిమిలోనే ఉంచి నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడి తీస్తే పైకి బాగానే కనిపించి, తర్వాత దానంతటదే పగులుతుంది. ఇది నాయినకు తెలియనిది కాదు. కానీ ఆ పొద్దున డాక్టరు, ఈ పూట గడవడం కష్టమన్నాడు. నాయిన ఇక ఆగలేక గుత్తిని బయటికి తీసి, తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. కాయలన్నీ వేళ్ళతో తడిమి చూసి, "గింత ఒత్తుగుంటె కాయలెట్ల ఊరుతయయ్యా? జర పలచన జెయ్యరాదూ?" అంది. ఆ స్థితిలోనూ వంక పెట్టకుండా ఉండలేకపోయింది. చాలా రోజుల తర్వాత ముగ్గురం నవ్వుకున్నాం.

ఆమె కునుకు తీస్తుండగానే, కిటికీలో పెట్టిన గుత్తి టప్పుమని పగిలి ముక్కలైంది. నాయిన ఆ ముక్కలన్నీ ఏరి మళ్ళీ అదే తువ్వాలులో మూటకట్టాడు.

డాక్టరు చెప్పింది తప్పయింది. అమ్మ ఇంకో వారం బతికింది. ఆ గుత్తి కొలిమిలో చక్కగా చల్లారడానికి అందులో సగం రోజులు చాలు. కళ్ళు తెరిచినప్పుడల్లా గుత్తి ఏదని అడిగేది. నువ్వన్నట్టే పలచన చేయడానికి కార్ఖానాకు తీసుకుపోయానని నాయిన చెప్పేవాడు. చివరిసారి అడిగినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని, "మరీ ఎక్కువ తియ్యకు, బోసిగైతది" అంది. నాయిన సరేనని తలూపి, వరండాలోకి పోయి నోట్లో కండువా కుక్కుకుని ఏడ్చాడు. ఆ తర్వాత అమ్మ మళ్ళీ అడగలేదు.

తోటలన్నీ కాలనీలైపోయాయి. ఇప్పుడు నడి వానాకాలంలోనూ ఉప్పల్ రోడ్డు మీద బండ్ల నిండా ద్రాక్ష పెట్టుకుని అమ్ముతున్నారు. మా మనవలు సగం తిని సగం పారేస్తే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది, ఎందుకో మాత్రం వాళ్ళకు చెప్పను. ఆనాడు ఒక్క గుత్తి, ఎంత పుల్లటిదైనా సరే, దొరికి ఉంటే నాయిన అమ్మతో వారం రోజులు అబద్ధం ఆడవలసి వచ్చేది కాదు.