తిప్పి కడుపులో దొరకని గర్భసంచి

2022లో, ఆషాఢ గాలులు మొదలైన రోజుల్లో జరిగిన సంగతి ఇది. కోలారు బంగారు గనుల ఊళ్లో, రాబర్ట్‌సన్‌పేటలోని ఒక చిన్న పెట్ క్లినిక్‌లో నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా అసిస్టెంటుగా ఉన్నాను. ముందు గదిలో జనం కూర్చుంటారు, వెనక గదిలో ఆపరేషన్ బల్ల, మధ్యలో ఒక తెర. డాక్టర్ గారు ఒక్కరు, నేను ఒక్కదాన్ని. నేను బడికి పోయి చదివినదాన్ని కాను. గనుల మట్టి పోసిన సైనైడ్ గుట్టల దుమ్ము లేచినప్పుడల్లా చిన్నప్పుడు నాకు ఊపిరి ఆడేది కాదు. అందుకని మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. లెక్కలు ఆయన దగ్గర, అక్షరాలు అవ్వ భజన పుస్తకాల్లో. ఈ పని మాత్రం డాక్టర్ గారి చేతులు చూసి నేర్చుకున్నాను. ఆ చేతుల పక్కన నిలబడే భాగ్యం ఇచ్చినందుకు కోలారమ్మ తల్లికి రోజూ ఒక దండం పెట్టుకుని గాని క్లినిక్ తలుపు తీయను.

ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను మేము స్పే అంటాం. పొట్ట మీద చిన్న గాటు పెట్టి గర్భసంచినీ, దాని రెండు కొసల్లో ఉండే ఓవరీలనీ తీసేస్తారు. ఓవరీలంటే అండాలు తయారయ్యే చిన్న గింజల్లాంటివి. అంతా సవ్యంగా ఉంటే అరగంట పని. చాలామంది దీన్ని పెద్ద పాపంలా భయపడతారు. మునెమ్మ అవ్వ అట్లా భయపడలేదు. ఆమెకు భయమల్లా, తిప్పి మళ్లీ కడుపుతో ఉంటుందేమోనని.

తిప్పి ఆమె పిల్లి. బూడిద రంగు మీద నల్ల చారలు. కూనగా ఉన్నప్పుడు స్కూటర్ తగిలి తొంటి ఎముక వంకరగా అతుక్కుంది. దాంతో పిల్లలు బయటికి వచ్చే దారి ఇరుకైపోయింది. ఆ ముందు చలికాలంలో ఈనలేక రెండు రోజులు నొప్పులు పడి మా దగ్గరికి వచ్చింది. డాక్టర్ గారు చేతితోనే చచ్చిన కూనల్ని బయటికి తీశారు. అప్పుడు దాన్ని కోసే స్థితి లేదు, ఒంట్లో నెత్తురు లేదు. "కోలుకున్నాక తీసుకురా అవ్వా, స్పే చేస్తాను. ఇంకోసారి కడుపయిందంటే బతకదు" అని ఆయన చెప్పి పంపారు.

ఆ రోజే నేను కార్డు రాస్తూ పిల్లి ఎడమ చెవి కొన తెగి ఉండటం చూశాను. వీధి పిల్లులకు ఆపరేషన్ చేసి వదిలే సంస్థల వాళ్లు గుర్తు కోసం ఎడమ చెవి కొన కత్తిరిస్తారు. అది అదేనా అని అడిగితే మునెమ్మ నవ్వింది. ఆ ఇంట్లో అంతకుముందు పుట్టిన కూనలన్నీ చచ్చిపోయాయట. ఇది ఒక్కటే మిగిలితే చెవి కొన కత్తిరించి, చేటలో పెట్టి చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ ఎత్తుకుంటే ఆమెకు ఇంత తవుడిచ్చి తిరిగి కొనుక్కుందట. మా వైపు బిడ్డలు నిలవని ఇళ్లలో చేసేదే. తిప్పె అంటే కుప్ప, అందుకే తిప్పి. నా ముందు ఇద్దరు పోయాక నన్నూ అట్లాగే తవుడిచ్చి కొన్నారు, నా పేరు తిప్పమ్మ. ఆ మాట చెప్పగానే ఆమె నా గడ్డం పట్టుకుంది. కార్డులో 'ఎడమ చెవి కొన లేదు, ఇంట్లో కత్తిరించారు' అని రాసుకున్నాను.

ఆషాఢంలో పిల్లిని తెచ్చింది మునెమ్మ కాదు, కోడలు సుజాత. ఆమెది నరసాపురం కంపెనీలో రాత్రి షిఫ్టు పని. తిప్పి ఎదకు వచ్చి అరుస్తోందని, గండుపిల్లులు గోడ చుట్టూ తిరుగుతున్నాయని అవ్వే పంపిందట. కోసేటప్పుడు తాను చూడలేనని బంగారుపేటలో కూతురింటికి పోయిందట. సుజాత ముందురోజు సాయంత్రం పెరట్లో టమాటా క్రేటు వాల్చి, లోపల ఎండుచేప తల పెట్టి, పిల్లి దూరగానే మూసి, ఇంకో క్రేటు బోర్లించి తాడు కట్టింది. పొద్దున కంపెనీ బస్సు దిగి, ఇంట్లోకి కూడా పోకుండా పెరట్లోంచే దాన్ని మోసుకొచ్చింది. లోపల పిల్లి ఉఫ్ఫుమంటూ ఉంది.

"నన్ను చూస్తే దానికి ఎప్పుడూ ఇంతేక్కా" అంది సుజాత. "మా అత్తకాడ అయితే ఒళ్లో పండుకుంటాది."

బూడిద రంగు, నల్ల చారలు, ఎడమ చెవి కొన లేదు. కార్డు తీసి సరిచూసుకున్నాను. మత్తు ఇంజెక్షన్ ఇచ్చే ముందు డాక్టర్ గారు చెవి పట్టుకుని చూశారు. "ఇది వీధి పిల్లుల గుర్తు మాదిరి ఉండాదే. ముందే ఆపరేషన్ అయిందేమో కనుక్కున్నావామ్మా?"

"లేదు సార్, అది అవ్వ కోసిందే. నాకు తెలుసు" అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. అది నా మనసులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

పిల్లి మత్తులోకి పోయింది. మత్తులో పిల్లులు కళ్లు మూసుకోవు, ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ పెట్టాను. పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, అయోడిన్ పూసి, గుడ్డ కప్పాను. ఆ తర్వాత నా పని దాని ఊపిరిని కాపలా కాయడం. ఒక్కో ఊపిరికీ లోపల ఒక్కసారి కోలారమ్మ తల్లి పేరు అనుకుంటాను, అదే నా లెక్క. డాక్టర్ గారు బొడ్డు కింద గాటు పెట్టారు. స్పే హుక్ అని, కొన వంచిన సన్నని కడ్డీ ఉంటుంది. దాన్ని లోపలికి జార్చి పక్కకు తిప్పి లాగితే దారం లాంటి గర్భసంచి కొస తగులుకుని పైకొస్తుంది.

రాలేదు. కొవ్వు పొర వచ్చింది. రెండోసారి పేగు వచ్చింది. మూడోసారి మళ్లీ కొవ్వు. ఆయన గాటు పెద్దది చేశారు. మూత్రాశయం ఎత్తి దాని వెనక చూశారు. కుడి మూత్రపిండం దగ్గర చూశారు, ఎడమ దగ్గర చూశారు. నేను పిల్లి చిగుళ్లు చూస్తున్నాను. గులాబీ రంగు తగ్గుతోంది, ఒళ్లు చల్లబడుతోంది. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి రెండు పక్కలా పెట్టాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగేసరికి నా లెక్క తప్పిపోయింది.

చివరికి ఆయన మూత్రాశయం వెనక ఒక చిన్న మొండి ముక్కను వేలితో చూపించారు. "దీనికి గర్భసంచి లేదమ్మా. ఎవురో ఎప్పుడో తీసేసినారు."

"చలికాలంలో ఈనింది గదా సార్? మీరే కూనల్ని తీశారు."

"నేనే తీసినాను" అన్నారాయన. మూతికి కట్టుకున్న గుడ్డ పైనుంచి నన్ను చూసిన ఆ చూపులో నాకు ఎంత తెలుసో ఆయనకూ అంతే తెలుసన్నట్టు ఉంది.

ఆయన పొరపొరగా కుట్లు వేస్తుంటే నా మనసు ఎక్కడెక్కడికో పోయింది. చలికాలం తర్వాత ఇంకెక్కడైనా చేయించారా? చేయించి ఉంటే మళ్లీ ఎందుకు తెస్తారు? గర్భసంచి లేని పిల్లి ఎదకు వచ్చి ఎట్లా అరుస్తుంది? దేవుడు తలుచుకుంటే ఏదైనా చేయగలడు, కానీ ఇట్లాంటిది ఎందుకు తలుచుకుంటాడు? బయటికి వచ్చి సుజాతకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే గర్భసంచి లేకుండానే ఈనిందంటావా అక్కా?"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. పెద్ద గొంతు, స్పీకర్ పెట్టకుండానే నాకూ వినిపించింది. మునెమ్మ పొద్దున రైలుకే ఇల్లు చేరిందట.

"యాడుండావే? తిప్పికి అన్నం పెట్టకుండా పొయినావా? పాలు పోస్తే గిన్నె అడుగు దాకా నాకేసింది పాపం. పదింటికల్లా ఆపరేషనంటివి, ఇంగా ఇంట్లోనే ఉండాది."

సుజాత ఫోన్ పట్టుకుని ఆపరేషన్ గది తెర వైపు చూసింది. నేనూ అటే చూశాను. లోపల బల్ల మీద చారల పిల్లి నాలుక బయట పెట్టి పడుకుని ఉంది.

నేను లోపలికి పోయి చెప్పాను. డాక్టర్ గారు స్టూలు మీద కూర్చుండిపోయారు. తర్వాత లేచి దూది స్పిరిట్‌లో ముంచి పిల్లి ఎడమ డొక్క మీద వెంట్రుకలు తడిపి పాయ తీశారు. లోపల తెల్లగా, సన్నగా ఒక పాత గీత. వీధి పిల్లులకు చాలాచోట్ల పక్కనుంచి కోస్తారు. మేము పొట్ట మధ్యలో కోస్తాం, అందుకని పొట్ట మాత్రమే గొరిగాం. పక్కన ఒక్కసారి తడిపి చూసి ఉంటే ఆ బిడ్డకు గాటే పడేది కాదు. ఆ చెవి సంస్థ వాళ్లు కత్తిరించిన చెవే. చెవి ఏమిటని అడిగినప్పుడు కథ చెప్పింది నేను.

మరుసటి రోజు మునెమ్మ తిప్పిని కొంగులో చుట్టుకుని తనే వచ్చింది. ఆమె ఒక కంటికి పొర కమ్మింది, ఇంకో కన్ను అంతంతమాత్రం. నేను తప్పు నాదేనని చెప్పాను. సుజాతను ఏమీ అనొద్దని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు.

"నాకు కండ్లు సరిగా లేకపొయినా చెయ్యి పెడితే నా పిల్లేదో తెలస్తాది. నీకు రెండు కండ్లూ ఉండాయి గదమ్మా" అంది, అంతే. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేది.

తిప్పిని బల్ల మీద పెట్టాక మొదట పక్కలు తడిపి చూశాను, పొట్ట చూశాను, తొంటి ఎముక వంకర వేలికి తగిలే దాకా తడిమాను. ఈసారి హుక్ ఒక్క లాగుకే గర్భసంచి వచ్చింది. ఎదలో ఉండటంతో నెత్తుటి నాళాలు ఉబ్బి ఉన్నాయి. డాక్టర్ గారు ఒక్కో చోట రెండేసి లిగేచర్లు, అంటే నాళం చుట్టూ బిగించే దారపు ముళ్లు, వేశారు. ఇంకో రెండు రోజులు గోడల మీద తిరగనిచ్చి ఉంటే మళ్లీ కడుపయ్యేది. తిప్పి మధ్యాహ్నానికి తల ఎత్తింది. మునెమ్మ దాని చెవిలో ఏదో చెప్పుకుంటూ కూర్చుంది.

రెండో పిల్లిని ఏం చేయాలో మాకు తోచలేదు. కుట్లు మానే దాకా వీధిలో వదలకూడదు. మునెమ్మ వంగి దాన్ని తడిమి, "ఇది మా గోడ మీద తిరిగే దొంగది. తిప్పి గిన్నెలో తినిపొయ్యేది ఇదే" అంది. "మా ఇంటి పేరున కోయించుకునింది. పది దినాలు మేమే సాకుతాం." సుజాత నెత్తి కొట్టుకుంది గానీ కాదనలేదు.

ఆ పది రోజులూ పని అయ్యాక వాళ్లింటికి పోయి స్నానాల గదిలో దాని కుట్లు చూసి వచ్చేదాన్ని. రోజూ ఉఫ్ఫుమనేది, ఒకసారి చెయ్యి గీరింది. మునెమ్మ కాఫీ ఇచ్చి, ఆ దొంగది నా కంటే ఎక్కువ తింటోందని ఫిర్యాదు చేసేది. నా తప్పుకు ఇంత మంచి మనుషులు తగలడం ఏ లెక్కన జరిగిందో నాకు అర్థం కాదు. దండం పెట్టుకోవడం తప్ప ఏమీ తెలియదు.

అప్పటినుంచి ఏ పిల్లి వచ్చినా, ఎవరు తెచ్చినా, కార్డులో ఏం రాసి ఉన్నా, ముందు నా చేతులతో చూస్తాను. కార్డులో రాసింది నిజమే. మునెమ్మ చెప్పిందీ నిజమే. నిజమైన కథ ఇంకో పిల్లికి అతికిపోతుందని నాకు తోచలేదు. నోరు లేని ప్రాణి తరఫున 'నాకు తెలుసు' అని నేను మళ్లీ అనలేదు.

పదో రోజు కుట్లు విప్పి తలుపు తీశాం. పిల్లి గడప మీద ఒక్క క్షణం నిలబడి, గోడ ఎక్కి, వెనక్కి చూడకుండా అటువైపు దూకింది. నేను చేతులు జోడించి ఉన్నానని మునెమ్మ గొంతు వినే దాకా నాకే తెలియలేదు.

"పిల్లికి దండమేందమ్మా?" అంది.

అది ఎవరికి పెట్టానో నాకూ తెలియలేదు. చేతులు దించడానికి మాత్రం కాసేపు పట్టింది.